అడగని పాలు

"పాముకి పాలు పోసి పెంచినట్టయింది" అన్న మాట వినబడని తెలుగు ఇల్లు వుండదనుకుంటాను. కొడుకు వేరు కాపురం పెడితే తల్లి అంటుంది. చదువు చెప్పించిన మేనల్లుడు పెళ్ళికి పిలవకపోతే మేనమామ అంటాడు. తన దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు ఎదురుగానే కొట్టు పెట్టుకుంటే షావుకారు అంటాడు. అన్నవాళ్ళ బాధ అబద్ధం కాదు. కాని ఎన్నో తరాలుగా ఈ వ్యాజ్యంలో మనం ఒక పక్షం వాదనే వింటున్నాం. ముద్దాయి తరఫున వకీలు లేడు. "నేను పాలు అడిగానా?" అని ఆ పాము ఒక్క మాట అడగగలిగితే తీర్పు ఎటు మొగ్గుతుందో!

అలా అడిగే హక్కు దానికి నిజంగానే వుంది. పాలిచ్చి పిల్లల్ని పెంచే జాతి కాదది. పాలు దానికి తిండి కాదు, లోపలికి వెళ్ళినా అరగవు. కార్తీక శుద్ధ చవితినాడు తెల్లారగట్ల తలంటు పోసుకుని, చలిమిడీ చిమ్మిలీ పట్టుకుని పుట్ట దగ్గరికి వెళ్తాం. ఆ పుట్ట పెట్టినవి చెదపురుగులు. పాము అందులో అద్దెకున్న మనిషి లాంటిది. మనం పోసిన పాలు మట్టిలోకి ఇంకిపోతాయి. లోపల పాము వుంటే, ఈ తడి ఎక్కడిదిరా బాబూ అని మరో కన్నంలోంచి తన దారిన తాను పోతుంది. నేను భక్తిని వెక్కిరించడం లేదు. దణ్ణం పెట్టడం వేరు, తాగించడం వేరు అంటున్నాను, అంతే.

మరి బుట్టలో పాముతో గుమ్మంలోకి వచ్చే వాళ్ళ దగ్గర, పాము పాలు తాగడం కళ్ళారా చూశామంటారు మన పెద్దవాళ్ళు. చూసే వుంటారు. కోరలు పీకేసి, రోజుల తరబడి నీటిచుక్క చూపించకుండా బుట్టలో పెట్టి మూస్తే, గొంతెండిన ప్రాణి ముందు ఏది పెట్టినా మూతి ముంచుతుంది. మనం అది చూసి నాగరాజు మన పాలు స్వీకరించాడని మురిసిపోయాం. ఆ తరవాత ఆ నాగరాజు ఎన్నాళ్ళు బతికాడో ఎవరమూ అడగలేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఇవాళ మన నేలమీద పుట్టిన పామును పట్టి బుట్టలో పెట్టడం, పెంచడం, ఆడించడం నేరం. రెండు తలల పాము ఇంట్లో వుంటే లక్షలు కురుస్తాయని దొంగచాటుగా దాచేవాళ్ళు కూడా దాని కిందికే వస్తారు. పాపం దానికి రెండో తల ఏదీ లేదు. తోక మొద్దుగా వుంటుంది, అంతే!

ఆశతో పెంచేవాడి సంగతి తేలిక. వాడు దొంగ అని మనకీ తెలుసు, వాడికీ తెలుసు. చిక్కంతా ప్రేమతో పెంచేవాళ్ళ దగ్గరే వస్తుంది.

పూండి స్టేషన్‌కి కాస్త దూరంలో, కొబ్బరిచెట్ల మధ్య మా పిన్ని ఇల్లు. ఆవిడ మనవడు విశాఖపట్నంలో వుద్యోగం చేస్తున్నాడు. ఈ కాలపు కుర్రాళ్ళకి కుక్కలూ పిల్లులూ పాతబడిపోయినట్టున్నాయి. వాడు కొండచిలువ పిల్లని తెచ్చుకున్నాడు. మన అడవుల్లోది కాదు, ఆఫ్రికా జాతిది. భయం వేస్తే తలని మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది. ఇలాంటి పరదేశపు జంతువుల్ని పెంచేవాళ్ళు ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలని 2024లో నిబంధనలు వచ్చాయి. వాడు ఆ కాగితాలన్నీ చేయించాడు. బుద్ధిమంతుడే. లోపం ఎక్కడా లేదు.

లోపమల్లా ఒకటే. ఆ పిల్ల తినదు.

గడ్డకట్టించి అమ్మే ఎలుకపిల్లల్ని తెచ్చి, వేణ్ణీళ్ళలో గోరువెచ్చగా చేసి, పటకారుతో పట్టుకుని నోటి ముందు ఆడించాడు. అది మొహం తిప్పుకుంది. వారం పోయింది, రెండు వారాలు పోయాయి. పాపం దానికి ఇల్లు నచ్చలేదేమోనని ఇంకా పెద్ద గాజుపెట్టె తెచ్చాడు. అందులో ప్లాస్టిక్ చెట్లు పెట్టాడు, దీపం పెట్టాడు. ఆఫీసునుంచి రాగానే దాన్ని తీసి చేతిమీద వేసుకుని, "తిను బంగారం" అని బతిమాలేవాడు. ఎలుకపిల్లని మార్చి చూశాడు, వేళ మార్చి చూశాడు. మూడో వారం వచ్చేసరికి వీడు కూడా అన్నం మానేసేలా వున్నాడని వాళ్ళమ్మ దిగులు పడింది.

ఇక్కడ పిన్ని సంగతి చెప్పాలి. ఆవిడకి పాము అంటే ప్రాణభయం. దీపాలు పెట్టాక ఆ పేరే ఎత్తదు, "పురుగు" అంటుంది. అలాంటి మనిషి రోజూ సాయంత్రం ఫోన్ చేసి, "ఏటమ్మీ, ఆ పురుగు తిన్నాదా నేదా?" అని కోడల్ని అడగడం మొదలుపెట్టింది. నాకు నవ్వొచ్చింది. తరవాత ఆలోచిస్తే నవ్వే విషయం కాదనిపించింది. ఎదుటి ప్రాణి ఏదైనా కానివ్వండి, అది మన ఇంట్లో వుండి తినలేదంటే మన ఆడవాళ్ళకి ముద్ద దిగదు.

చివరికి పాముల సంగతి తెలిసిన పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన పాముని చూసింది తక్కువ, కుర్రాణ్ణి ప్రశ్నలు వేసింది ఎక్కువ. పెట్టె ఎంతది? దాక్కోడానికి ఏముంది? రోజుకి ఎన్నిసార్లు తీస్తారు? అన్నీ విని, "మీరిప్పుడు చెయ్యాల్సిన వైద్యం ఒకటే. పది రోజులు ఏమీ చెయ్యకండి" అన్నాడట.

ఆయన చెప్పిన లెక్క ఇది. పాముపిల్లకి విశాలమైన మేడ వరం కాదు. నాలుగు పక్కలా గాజు, తలదాచుకునే చోటు లేదు. అడవిలో అలా ఆరుబయట కనబడ్డ పిల్లని గద్ద తన్నుకుపోతుంది. ఒళ్ళు గోడలకి తగిలేంత ఇరుకు కన్నం వుంటేనే దానికి నిబ్బరం. కాబట్టి పెట్టె చిన్నదై వుండాలి. వెచ్చటి మూల ఒక దాపు, చల్లటి మూల ఒక దాపు. ఎందుకంటే మనం తిన్నదాంట్లో చాలా భాగం ఒళ్ళు వెచ్చగా వుంచుకోడానికే ఖర్చవుతుంది. పాముకి ఆ ఖర్చు లేదు. వెచ్చదనం బయటినుంచి తెచ్చుకుంటుంది. అందుకే వారానికోసారి తిన్నా దానికి చాలు. అందుకే చలిగా వున్నచోట తింటే అరక్క కక్కేస్తుంది. తిన్నాక రెండు రోజులు దాన్ని తాకకూడదు. ముద్ద దాని ఒంటి లావుని మించకూడదు. మంచినీళ్ళ గిన్నె వుండాలి. గాలి మరీ పొడిగా వుంటే కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడి, కంటిమీది పొర అలాగే వుండిపోతుంది. కుబుసం విడిచే ముందు కళ్ళు మసకబారి అది ఎలాగూ తినదు. గుడ్డులోంచి వచ్చిన కొత్తలో మొదటి కుబుసం విడిచేదాకా చాలా పిల్లలు తిండి వంకే చూడవు. గుడ్డు సొన కడుపులో ఇంకా మిగిలే వుంటుంది. ఇవేవీ రోగాలు కావు. తొందరపడి నోరు తెరిచి కుక్కారో, అప్పుడు రోగం.

కుర్రాడు చిన్న పెట్టెలో రెండు మట్టిమూకుళ్ళు బోర్లించి, లోపలికి దారి వదిలి, మూడు పక్కలా అట్టలు కట్టాడు. పది రోజులు తాకలేదు. పదకొండో రాత్రి ఎలుకపిల్లని పెట్టి, దీపం ఆర్పి, తలుపు వేసుకుని వచ్చేశాడు. పొద్దున్న చూస్తే లేదు. ఎవరూ చూడనప్పుడు తింది.

"ఎవరూ చూడనప్పుడు" అన్న మాట దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను.

లోకంలో ఏ పాముతల్లీ పిల్లకి తిండి తినిపించదు. కొండచిలువ తల్లి గుడ్ల చుట్టూ చుట్టుకుని పడుకుంటుంది. మన దేశపు కొండచిలువ అయితే ఒళ్ళు వణికించి మరీ గుడ్లకి వెచ్చదనం ఇస్తుంది. గిరినాగు తల్లి ఎండుటాకులు పోగేసి గూడు కట్టి, తిండి కూడా మానుకుని కాపలా కాస్తుంది. పిల్లలు బయటికొచ్చే సమయం దగ్గరపడేసరికి వెళ్ళిపోతుంది. పిల్ల కళ్ళు తెరిచేసరికి తల్లి లేదు, తినిపించే చెయ్యి లేదు. మొదటి ముద్దనుంచీ తనదే వేట. అలాంటి ప్రాణికి మన పటకారులో ఎలుకపిల్ల ప్రేమగా ఎలా కనిపిస్తుంది? తనని మింగడానికి వచ్చిన పెద్ద జంతువు చెయ్యిగానే కనిపిస్తుంది.

మనది మరో రకం పుట్టుక. మన భాషలో "బాగున్నావా" కంటే ముందు "అన్నం తిన్నావా" వస్తుంది. ప్రేమని కంచంలో వడ్డించడం తప్ప ఇంకోలా చెప్పడం మనలో చాలామందికి రాదు. అంచేత ఎదుటివాళ్ళు కంచం పక్కకి జరిపితే కూర బాగాలేదని కాదు, మనల్నే వద్దన్నారని అనుకుంటాం. పుట్టింటికొచ్చిన కూతురు ఆకలిగా లేదంటే తల్లి మొహం వాడిపోతుంది. కొత్తకోడలు కంచంలో నాలుగు మెతుకులు వదిలితే అత్తగారికి అందులో అర్థాలు కనిపిస్తాయి. తినేవాళ్ళ ఆకలి గురించి లోకమంతా మాట్లాడింది. పెట్టేవాళ్ళకీ ఒక ఆకలి వుంటుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఎదుటివాడు తింటుంటే చూడాలి, "చాలా బాగుంది" అనిపించుకోవాలి, నా వల్లనే బతికాడు అన్న తృప్తి కలగాలి. ఆ ఆకలి తప్పు కాదు. కాని దాన్ని ఎదుటివాడి ఆకలి అనుకోవడంలోనే తంటా అంతా వుంది.

ఇంటి సంగతీ ఇంతే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా పలాస తీరాన్నే దాటింది. ఒక్క రాత్రిలో కొబ్బరితోటలు కూలిపోయాయి. జీడిమామిడి వేళ్ళతో సహా లేచింది. ఆ తరవాత చాలామంది కొడుకులు అమ్మానాన్నల్ని హైదరాబాదుకో విశాఖకో తీసుకుపోయారు. నాకు తెలిసిన ఒక పెద్దాయన్ని అలాగే తీసుకెళ్ళారు. విడిగా గది, మెత్తటి పరుపు, గోడకి పెద్ద టీవీ. ఆయన మాత్రం ఆ గదిలో వుండేవాడు కాదు. వెనక బాల్కనీలో, బట్టలుతికే మెషీనుకీ గోడకీ మధ్యనున్న జానెడు జాగాలో స్టూలు వేసుకుని కూచునేవాడు. అన్నం సగం వదిలేసేవాడు. కొడుకు డాక్టర్లకి చూపించాడు, బలానికి మందులు కొన్నాడు. కోడలు రోజుకో కూర చేసింది. "ఏం తక్కువ చేశాం నాన్నా?" అని కొడుకు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఏమీ తక్కువ చెయ్యలేదు. పెద్ద గాజుపెట్టె కొన్నారు, అంతే. పెద్దవాళ్ళని పాముతో పోలుస్తున్నానని కోప్పడకండి. భయం అందరికీ ఒకలాగే వుంటుంది, దాపు కోసం వెతుక్కోవడం కూడా ఒకలాగే వుంటుంది. ఏడాది తిరక్కుండా ఆయన ఊరికి వచ్చేశాడు. పడిపోయిన చెట్ల స్థానంలో కొబ్బరి మొక్కలు నాటించాడు. నాటు కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు పడుతుంది. డెబ్బై దాటిన మనిషికి ఆ లెక్క తెలియదా? తెలుసు. ఆయనకి కావలసింది కాయలు కాదని కొడుక్కి తెలియడానికే కాస్త వ్యవధి పట్టింది.

"అయితే ఎవరికీ ఏమీ పెట్టకుండా, ఎవరి ఖర్మకి వాళ్ళని వదిలెయ్యమంటావా?" అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. పసివాడికి పెట్టకపోతే చస్తాడు. మంచంలో వున్నవాడు అడగలేడు. "ఏమీ చెయ్యకండి" అన్న మాట బద్ధకస్తుడికి మంచి సాకు. కాని ఆ కుర్రాడు ఆ పది రోజులూ చేసింది చిన్న పని కాదు. పెట్టె మార్చాడు, వెచ్చదనం సరిచూశాడు, నీళ్ళు మార్చాడు, తాకాలని వున్నా చెయ్యి ఆపుకున్నాడు. పాము కోసం చెయ్యాల్సినవన్నీ చేశాడు. తన కోసం చేసుకునేది ఒక్కటే మానేశాడు.

చెయ్యి ఆపుకోవడం ఎంత కష్టమో మా ఉద్దానం ఆడవాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మా వైపు కిడ్నీ జబ్బు ఇళ్ళకిళ్ళనే పట్టుకుంది. కారణం ఫలానా అని ఇంతవరకూ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో దీనికోసం 200 పడకల ఆసుపత్రి తెరిచారు. రక్తశుద్ధి చేయించుకునే మనిషికి నీళ్ళు కొలిచి ఇవ్వాలి, ఉప్పు తగ్గించాలి. కొబ్బరినీళ్ళు అసలు వద్దంటారు డాక్టర్లు. అందులోని పొటాషియం పాడైన కిడ్నీలకి బయటికి పంపడం చేతకాక, గుండెకి ప్రమాదం తెస్తుంది. కొబ్బరిబొండం కొట్టివ్వడమే మర్యాద అయిన నేలమీద, పెరట్లో చెట్టు కళ్ళముందుండగా, దాహమేస్తోందన్న భర్తకి బొండం ఇవ్వని ఇల్లాలిని తలుచుకోండి. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు, "పాపం, ఓ గుక్క పొయ్యవమ్మా" అంటారు. పోస్తే వాళ్ళ కళ్ళకి ఆవిడ మంచిదవుతుంది. గ్లాసు వెనక్కి తీసుకున్నప్పుడు ఆవిడకి దక్కేది విసుగు, ఒక్కోసారి తిట్టు. ప్రేమ అంటే నేను ఆవిడ వంకే చూపిస్తాను.

ఇంతకీ పాముల్ని ప్రేమించమని చెప్పడానికి నేను ఈ వ్యాసం రాయలేదు. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా ఏడాదికి సగటున 58,000 మంది పాముకాటుతో పోయారని 2020లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కకట్టింది. జీడితోటలో ఎండుటాకుల కింద చెయ్యిపెట్టి పిక్కలేరే ఆడవాళ్ళకి రక్తపింజర గురించి వేదాంతం చెప్పే ధైర్యం నాకు లేదు. కాళ్ళకి చెప్పులు, రాత్రి చేతిలో దీపం, కాటు పడితే మంత్రగాడి దగ్గరికి కాక తిన్నగా ఆసుపత్రికి. ఇదే అక్కడి వేదాంతం.

ఆ ఆసుపత్రిలో ఎక్కించే మందు కూడా పాము విషంలోంచే వస్తుంది. మహాబలిపురం దారిలో వడనెమ్మేలి దగ్గర ఇరుళల సహకార సంఘం ఒకటుంది, 1978లో పెట్టింది. తరతరాలుగా పాములు పట్టిన ఆ జాతివాళ్ళు, అనుమతితో పాముని తెచ్చి, ఇసుక పోసిన మట్టికుండలో పెట్టి, మూతికి గుడ్డ కడతారు. కొన్ని వారాలపాటు విషం తీసుకుంటారు, తరవాత మళ్ళీ అడవిలో వదిలేస్తారు. "నా బంగారం" అనే మాట అక్కడ వినబడదు. కాని ఇరుకు, చీకటి, చల్లటి మట్టి. కుండ పాముకి ఎందుకు నప్పుతుందో వాళ్ళకి ఏ పుస్తకమూ చెప్పనక్కర్లేదు. ప్రేమ పేరు ఎత్తకుండానే పాముకి ఏం కావాలో తెలుసుకున్నారు.

మా టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఇంకో పద్ధతి చూడవచ్చు. ఏటా వానలు వెనకబడే వేళకి గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ వచ్చి ఊళ్ళోని చెట్లమీద గూళ్ళు పెడతాయి. ఊరివాళ్ళు వాటిని శుభమనుకుంటారు. ఇళ్ళమీద రెట్ట పడుతుంది, కుళ్ళిన చేపల కంపు కొడుతుంది. అయినా తరమరు. చేపలు అవే తెచ్చుకుంటాయి, పిల్లల్ని అవే పెంచుకుంటాయి. ఎండలు ముదిరేలోగా చెప్పకుండా వెళ్ళిపోతాయి. "ఇన్నాళ్ళు చోటిస్తే కృతజ్ఞత లేదు" అని ఆ ఊళ్ళో ఎవరూ వాపోయినట్టు వినలేదు. కృతజ్ఞత ఆశించి ఇచ్చింది కాదు కనక, రాలేదన్న బాధా లేదు.

పిన్ని మనవడి కొండచిలువ ఇప్పుడు శుభ్రంగా తింటోంది. వాణ్ణి గుర్తుపడుతుందా అని అడిగితే, "నా చెయ్యి వెచ్చగా వుంటుంది గనక చుట్టుకుంటుంది, అంతకంటే ఏం లేదు" అని నవ్వాడు. అంతకంటే ఏమీ లేదని తెలిసీ వాడు నీళ్ళగిన్నె రోజూ మారుస్తున్నాడు. ఆ మాట విన్నాక వాడి మీద నాకు గౌరవం పెరిగింది. అన్నట్టు, ఆ జాతి సరిగా చూసుకుంటే పాతికేళ్ళు దాటి కూడా బతుకుతుంది. రేపు పెళ్ళి చూపుల్లో ఆ సంగతి ముందే చెప్పమని పిన్ని మనవడికి గట్టిగా చెప్పింది!

వచ్చే నాగులచవితికి పుట్టకి పసుపూ కుంకుమా పెట్టండి, దణ్ణం పెట్టుకోండి. పాలు మాత్రం ఇంటికి తెచ్చి పిల్లాడికి ఇవ్వండి. వాడు వద్దంటే, "నీకోసం ఇంత చేస్తే" అని మొదలుపెట్టకుండా, ఎందుకు వద్దంటున్నాడో ఓసారి అడిగి చూడండి. వాడికి నోరుంది, చెప్తాడు.